మందుపాతరలు – దేశాల ఒడంబడిక
(మన సంఘం నెలసరి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను. చదివినది మెట్రిక్ వరకే. ఇటువంటి సభలలో కుర్చీలు సర్దినాను గాని మైకు ముందు ఎన్నడూ నిలబడలేదు. కార్యదర్శిగారు "పద్యాలూ పాటలూ ఎట్లాగూ ఉన్నవి, నీవు ఏదైనా లోకవిషయం మీద నాలుగు మాటలు చెప్పవయ్యా" అన్నారు. నాకు కొద్దో గొప్పో తెలిసిన లోకవిషయం ఒక్కటే. ఏడెనిమిదేళ్లుగా దానిని గూర్చి కనిపించిన కాగితమల్లా కత్తిరించి ఒక ఫైలులో పెట్టుకొంటున్నాను. మా ఇంటిలో దానిని 'కాళ్ల ఫైలు' అని వేళాకోళం చేస్తారు. ఆ పేరెందుకు వచ్చినదో తరువాత మనవి చేస్తాను. విషయం మందుపాతరలు. పండుగ సంచికలో ఇదేమి గోల అని పెద్దలు అనుకొనవద్దని ప్రార్థన.

పాతర అంటే ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు తెలియదు. మా తాతగారి కాలంలో ఇంటి ముందర గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, ధాన్యం పోసి, పైన మన్ను కప్పేవారట. కరవు వచ్చిననాడు త్రవ్వుకొని తినేవారు. అనగా రేపటి ఆకలి కోసం భూమిలో దాచినది పాతర. ఆ మంచి మాటకు ముందర 'మందు' అని చేర్చినవాడెవరో గాని గొప్ప భాషాజ్ఞానం గలవాడు. ఇదీ రేపటి కోసమే దాచినది. రేపు అటుగా వచ్చేవాడి కాలి కోసం.

మన తెలుగు పత్రికలలో ఈ మాట ఎక్కువగా నక్సలైటు వార్తలలో కనిపించేది. 2003 అక్టోబరు 1వ తేదీన తిరుపతి అలిపిరి వద్ద అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారి కారు మీద ప్రయోగించినవి మందుపాతరలే. కాని అవి పొంచి ఉన్నవాడు చూచి, అదను కనిపెట్టి పేల్చేవి. నేను చెప్పబోయేవి వేరు. వీటిని పేల్చడానికి ఎవడూ కాచుకొని ఉండనక్కరలేదు. కాలు పెట్టినవాడే తన్ను తాను పేల్చుకొంటాడు. దేశాల ఒడంబడిక కూడా ఈ భేదాన్నే పట్టుకొన్నది. మనిషి ఉండుట చేత గాని, దగ్గరకు వచ్చుట చేత గాని, తగులుట చేత గాని పేలే పాతర నిషిద్ధం అన్నది.

దీనిని నేను నా ఉద్యోగ భాషలో ఇట్లా అర్థం చేసుకొన్నాను. మా గూడ్సు షెడ్డులో ప్రతి మూటకు పంపినవాడి పేరు, అందుకొనేవాడి పేరు, బయలుదేరిన స్టేషను, దిగవలసిన స్టేషను ఉంటవి. రసీదు ఉంటుంది. పేలుడు సరుకైతే రెడ్ టారిఫ్ అనే ప్రత్యేక నిబంధనల పుస్తకం ఉన్నది. దీపావళి టపాకాయలను సామానులో దాచి తెచ్చినా నేరమే. మందుపాతర అనేది ఈ నిబంధనలన్నిటికీ విరుద్ధమైన పార్సెలు. పంపినవాడు రసీదు ఇవ్వడు. అందుకొనేవాడి పేరు వ్రాయడు. గడువు లేదు. యుద్ధం ముగిసి, రాజులు చేతులు కలిపి, పంపినవాడు వృద్ధుడై చనిపోయిన తరువాత కూడా పార్సెలు అక్కడే ఉంటుంది. ఏ పశువులకాపరి పిల్లవాడో వచ్చి 'డెలివరీ' తీసుకొంటాడు.

ఇందులో చిన్నరకం పాతర పేలడానికి అయిదారు కిలోల బరువు చాలు. దానిని చంపడానికని కాక కుంటివాణ్ణి చేయడానికని తయారుచేస్తారు. సైనికుడు చనిపోతే శత్రువుకు ఒక్కడు తగ్గుతాడు. కాలు పోతే వాణ్ణి మోయడానికి మరి ఇద్దరు కావాలె. ఈ లెక్క వేసినవాడూ మావంటి గుమాస్తాయే అయి ఉంటాడని అప్పుడప్పుడు భయం వేస్తుంది. అఫ్గనిస్తానంలో రష్యావారు విమానాల నుండి రాల్చినవి రెక్కలతో సీతాకోకచిలుకవలె ఉండేవి. పిల్లలు ఆటవస్తువనుకొని చేతిలోకి తీసుకొనేవారు.

దీనికి అన్నగారు క్లస్టర్ బాంబు. మన మాటలో గుత్తిబాంబు అనవచ్చు. పెద్ద డబ్బా ఆకాశంలో విచ్చుకొని వందలకొద్దీ చిన్న బాంబులు చల్లుతుంది. చల్లినవన్నీ పేలితే ఆనాటి ఘోరం ఆనాటితో పోవును. పేలనివి విత్తనాలవలె నేలలో మిగులుతవి. అవి మందుపాతరలతో సమానం.

లావోస్ అని వియత్నాం ప్రక్కన చిన్న దేశం ఉన్నది. 1964 నుండి 1973 వరకు తొమ్మిదేళ్లు అమెరికా ఆ దేశం మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు వేసినది. ఎనిమిది నిమిషాలకు ఒక విమానం చొప్పున, రాత్రింబగళ్లు. అందులో చిన్న బాంబులే 27 కోట్లు. బత్తాయికాయంత ఉంటవి. వాటిలో నూటికి ముప్ఫై వరకు పేలలేదని అంచనా. యుద్ధం ఆగి యాభై ఏళ్లు దాటినది. ఇప్పటికీ అక్కడి రైతు గునపం వేసేటప్పుడు మన్ను వంక చూచి వేస్తాడు. పాత ఇనుము ఏరి అమ్ముకొనే పేదలు దానిని ముట్టుకొంటారు. యుద్ధానంతరం వాటివలన చనిపోయిన, అంగవిహీనులైన వారు 20 వేలకు పైమాట. 2016లో అమెరికా అధ్యక్షుడు ఒబామా అక్కడికి వెళ్లి, ఏరివేతకు మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. ఇచ్చుట మంచిదే. వేసినవారు ఏరుటకు కూడా రావలెనని అంతకు నలభై ఏళ్ల ముందే ఎవరైనా అడిగి ఉండవలసినది.

ఇక ఆపే ప్రయత్నాల సంగతి. 1980లో జెనీవాలో ఒక ఒప్పందం వ్రాసుకొన్నారు. పాతరలు ఎక్కడెక్కడ పెట్టవచ్చునో, ఎట్లా పటం వ్రాసుకొనవలెనో అందులో ఉన్నది. వద్దు అనే మాట మాత్రం లేదు. 1996లో దానిని దిద్దినారు. అప్పుడూ లేదు. కారణం ఏమిటంటే అక్కడ అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకొంటేనే ఏదైనా సాగుతుంది. ఏకగ్రీవం సంగతి మన కమిటీవారికి నేను చెప్పనక్కరలేదు. కిందటేడు పులిహోరా దద్ధోజనమా అని మూడు సమావేశాలు జరిగినవి.

ఇట్లాగైతే లాభం లేదని 1992లో ఆరు స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక ఉద్యమం మొదలుపెట్టినవి. దానిని నడిపినది జోడీ విలియమ్స్ అనే అమెరికా స్త్రీ. వారి చేతిలో సైన్యం లేదు, ఓటు లేదు. ఉత్తరాలు, ఫాక్సులు, కాలు పోయినవారి సాక్ష్యాలు మాత్రం ఉన్నవి. పారిస్ నగరంలో బూట్లు గుట్టగా పోసినారు. జెనీవాలో ఐక్యరాజ్య సమితి కార్యాలయం ఎదుట 1997లో పన్నెండు మీటర్ల ఎత్తు కర్ర కుర్చీ ఒకటి నిలబెట్టినారు. దానికి ఒక కాలు సగం విరిగి ఉంటుంది. ఆ సంవత్సరమే జనవరిలో ఇంగ్లండు డయానా రాకుమారి అంగోలా దేశంలో, హువాంబో అనే ఊరి వద్ద, కవచం తొడుగుకొని పాతరల నేలలో నడిచినది. ఆమె ఆ ఆగస్టులోనే మరణించినది. 2019లో ఆమె కుమారుడు హారీ అదే చోటికి వెళ్లేసరికి అక్కడ ఇండ్లు, వీధి ఉన్నవి.

1996 అక్టోబరులో కెనడా రాజధాని ఒట్టావాలో ఒక సమావేశం జరిగినది. చివరిరోజున కెనడా విదేశాంగమంత్రి లాయిడ్ ఆక్స్‌వర్దీ లేచి, "వచ్చే సంవత్సరం ముగిసేలోగా మళ్లీ ఇక్కడికే రండి, నిషేధపు కాగితం మీద సంతకం పెడుదాము" అనే అర్థం వచ్చేటట్లు చెప్పినాడు. వచ్చినవారిలో చాలామంది తెల్లబోయినారు. అటువంటి పిలుపు వస్తుందని వారికి ముందు చెప్పలేదు. నా మట్టుకు ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టం ఇదే. మర్యాద తప్పినాడని కొందరు నొచ్చుకొన్నారు. మర్యాద తప్పకపోతే పని జరిగేది కాదు.

1997 సెప్టెంబరులో నార్వేలోని ఓస్లోలో కాగితం వ్రాయడానికి కూర్చున్నారు. ఏకగ్రీవం కుదరకపోతే మూడింట రెండు వంతుల ఓటు చాలునని ముందే నియమం పెట్టుకొన్నారు. కొరియా సరిహద్దులోని పాతరలకు మినహాయింపు కావాలెనని అమెరికా పట్టుబట్టినది. తక్కినవారు కదలలేదు. 17వ తేదీన అమెరికా తన కోరిక ఉపసంహరించుకొన్నది, 18వ తేదీన ఒడంబడిక ఆమోదింపబడినది. డిసెంబరు 3, 4 తేదీలలో ఒట్టావాలో 122 దేశాలు సంతకం చేసినవి. 1999 మార్చి 1వ తేదీ నుండి అమలులోకి వచ్చినది.

అందులో ఏమున్నదంటే: వాడరాదు, తయారు చేయరాదు, దాచరాదు, ఇతరులకు ఇవ్వరాదు. నిలవ ఉన్నవి నాలుగేళ్లలో నాశనం చేయవలె. పాతినవి పదేళ్లలో ఏరవలె, చాలకపోతే గడువు అడగవచ్చు. గాయపడినవారికి సాయం చేయవలె. ఏటా ఏప్రిల్ 30లోగా ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శికి లెక్క పంపవలె. అక్కడికి వచ్చేసరికి నాకు ప్రాణం లేచి వచ్చినది. ఏటేటా రిటర్ను పంపవలసినవాడు అబద్ధమాడినా ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. ఈ కాగితం వలన ఇంతవరకు నిలవలలోని 5 కోట్ల 50 లక్షలకు పైగా పాతరలు నాశనమైనవి. మోజాంబిక్ వంటి పాతరల దేశం 2015లో తన నేల శుభ్రమైనదని ప్రకటించుకొన్నది. 1999లో సుమారు 9 వేలుగా నమోదైన బాధితుల సంఖ్య 2013 నాటికి సుమారు మూడున్నర వేలకు దిగినది.

ఆ 1997 నోబెల్ శాంతి బహుమతి ఉద్యమానికి, జోడీ విలియమ్స్‌కు కలిపి ఇచ్చినారు. ఉద్యమం తరపున ఓస్లోకు వెళ్లినవారిలో టున్ చన్నరెత్ అనే కంబోడియా మనిషి ఉన్నాడు. 1982లో థాయిలాండు సరిహద్దు వద్ద పాతర మీద అడుగువేసి రెండు కాళ్లూ పోగొట్టుకొన్నవాడు. బహుమతి తరువాత దొరగా మారలేదు. స్వదేశంలో తనవంటివారికి చక్రాల కుర్చీలు తయారుచేస్తూ వచ్చినాడు.

ఏరివేత పని ఎంత కష్టమో చెప్పి, నవ్వు పుట్టించే ముచ్చట ఒకటి చెబుతాను. పాతర తయారీకి మూడు డాలర్లు చాలుననీ, దానిని తీయడానికి మూడు వందల నుండి వెయ్యి డాలర్లు పట్టుననీ ఐక్యరాజ్య సమితివారు చెబుతూ వచ్చినారు. లోహాన్ని కనిపెట్టే యంత్రం ప్రతి మేకుకూ, ప్రతి సీసా మూతకూ కూస్తుంది. కూసినప్పుడల్లా మనిషి పొట్టమీద పడుకొని మన్ను గోకవలె. టాంజానియాలో ఒక సంస్థవారు దీనికి ఆఫ్రికా ఎలుకలను తరిఫీదు చేసినారు. మన పందికొక్కంత ఉంటుంది. బరువు కిలోంబావు, కనుక దాని క్రింద పాతర పేలదు. ఇనుముతో దానికి పనిలేదు, మందు వాసన పట్టి నేల గీరుతుంది. గీరినందుకు అరటిపండు ముక్కో వేరుసెనగ పలుకులో పెడతారు. మనిషికి నాలుగు రోజులు పట్టే నేలను అరగంటలో చూచి వస్తుంది. మగావా అనే ఎలుక కంబోడియాలో నూరింటికి పైగా పాతరలు, పేలని గుండ్లు పట్టిచ్చి, 2020లో ఇంగ్లండువారి బంగారు పతకం పొంది, ఉద్యోగ విరమణ చేసి, 2022లో చనిపోయినది. మా గూడ్సు షెడ్డులో గోనెసంచులు కొరికే పందికొక్కులను చూచి పళ్లు కొరికే నాకు ఆ రోజున కొంచెం సిగ్గు వేసినది. పాతరకు తగిన పందికొక్కు దొరికినదన్నమాట.

గుత్తిబాంబుల కథ క్లుప్తంగా చెబుతాను. 2006లో లెబనాన్ యుద్ధం ఆగబోయే చివరి మూడు రోజులలో ఇజ్రాయేలు ఆ దేశపు దక్షిణ భాగంలో లక్షలాది చిన్న బాంబులు చల్లినది. పంటపొలాలు, తోటలు నిండిపోయినవి. లోకానికి ఒళ్లు మండి, నార్వే మళ్లీ ముందుకు వచ్చి, ఒట్టావా దారినే నడిచి, 2008 మే నెలలో డబ్లినులో కాగితం వ్రాసి, డిసెంబరు 3న ఓస్లోలో సంతకాలు చేసినారు. 2010 ఆగస్టు 1 నుండి అమలు. సభ్యదేశాల మొదటి సమావేశం లావోస్ రాజధానిలోనే పెట్టినారు. ఉచితమైన పని.

మన దేశం ఈ రెండు కాగితాల మీదా సంతకం చేయలేదు. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాను కూడా చేయలేదు. పొడవైన సరిహద్దులున్నవి, బదులు ఆయుధం దొరికేవరకు తప్పదు అని మనవారి వాదన. పాతరల ఎగుమతి మానినాము, జెనీవా ఒప్పందంలో ఉన్నాము, ఒట్టావావారి సమావేశాలకు వెళ్లి వెనుక కుర్చీలో కూర్చుంటాము. మన ప్రక్కనున్న బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు చేరినవి. పాతికేళ్లకు పైగా అంతర్యుద్ధం అనుభవించిన శ్రీలంక 2017లో చేరినది.

ఇప్పుడు ఫైలు పేరు సంగతి. మా మేనత్త కొడుకు, నాకు బావ, ఇచ్ఛాపురం ప్రక్క పల్లెవాడు, సైన్యంలో పనిచేసినాడు. పార్లమెంటు మీద దాడి తరువాత 2001 డిసెంబరు నుండి 2002 అక్టోబరు వరకు మన సైన్యం పాకిస్తాను సరిహద్దుకు తరలినది గదా, అప్పుడు జమ్ము మొదలు రాజస్థానం వరకు పొలాలలో, ఇసుకలో లక్షలకొద్దీ పాతరలు పాతినారు. మా బావ పాతినవారిలో ఉన్నాడు, తరువాత ఏరినవారిలోనూ ఉన్నాడు. పాతినప్పుడు పటం వ్రాసినారు. ఎడారి ఇసుక పటం మాట వింటుందా? గాలికి దిబ్బ జరిగితే పాతర జరుగుతుంది. 2003 ఎండాకాలంలో పటంలో లేనిచోట అతని ఎడమ పాదం పోయినది. నేను అప్పటికి బడిపిల్లవాణ్ణి. మా అత్త ఇంటి గుమ్మంలో అతను కర్ర ఆనించుకొని నిలబడడం నాకు జ్ఞాపకం.

ఇప్పుడతనికి కృత్రిమపు కాళ్లు రెండున్నవి, రెండూ ఎడమ కాలివే. పట్నం వెళ్లేటప్పుడు బూటుతో తొడిగేది ఒకటి, మడిలోకి దిగడానికి జైపూరు కాలు ఒకటి. ఆ జైపూరు కాలును 1968లో డాక్టరు సేఠీ, రామచంద్ర శర్మ అనే శిల్పి కలిసి చేసినారు. రబ్బరుతో, చవకగా, ఉత్త పాదంతో నడిచేవారికీ గొంతుకు కూర్చునేవారికీ పనికివచ్చేటట్లు. అఫ్గనిస్తానంలో, కంబోడియాలో పాతరల బాధితులు దానితోనే నడిచినారు. మనం సంతకం పెట్టలేదు గాని మన కాలు వెళ్లినది.

బావ నా పక్షాన ఉంటాడని మీరనుకొంటారు. లేడు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫైలు చూపబోతే, "ఏటిరా నీ గోల, మీ గుమాస్తాలకు కాగితమంటే పిచ్చి. రష్యావాడు ఉక్రెయిను మీదికి వచ్చినప్పుడు ఉక్రెయిను సంతకం ఉక్రెయిన్ని కాపాడినాదా?" అన్నాడు. ఆ మాటకు బలమున్నది. ఉక్రెయిను ఒట్టావా ఒడంబడిక మీద సంతకం చేసిన దేశం, రష్యా చేయనిది. 2022 నుండి ఆ గోధుమపొలాల నిండా పాతరలే. 2023లో అమెరికా ఉక్రెయినుకు గుత్తిబాంబులు పంపినది. 2025 మార్చిలో లిథువేనియా గుత్తిబాంబుల ఒడంబడిక నుండి తప్పుకొన్నది. ఆ సంవత్సరమే లాట్వియా, లిథువేనియా, ఎస్తోనియా, ఫిన్లాండు, పోలండు ఒట్టావా నుండి తప్పుకొంటామని నోటీసులిచ్చినవి. ఇవన్నీ రష్యా ఇరుగుపొరుగులు. యుద్ధంలో ఉన్న దేశం యుద్ధం ముగిసేదాక తప్పుకొనరాదని ఒడంబడికలో ఉన్నది గనుక, ఉక్రెయిను 'తాత్కాలికంగా ఆపుచున్నాము' అన్నది. అట్లా ఆపడానికి అందులో వీలు లేదు.

నేను బావకు ఇచ్చిన సమాధానం ఇది. పాతర శత్రువును కొంతసేపు ఆపుతుందేమో, కాదనను. కాని శత్రువు పోయిన తరువాత అది ఎవరిని ఆపుతుంది? 2023లో లోకంలో లెక్కకు వచ్చిన బాధితులు 5,757 మంది. నూటికి ఎనభైనలుగురు సైనికులు కారు. ఆ సంవత్సరం అన్ని దేశాలకంటె ఎక్కువమంది, 1,003 మంది, బర్మాలో. మన గంజాం, శ్రీకాకుళం జిల్లాల తాతలు ఓడలెక్కి 'రంగం' వెళ్లి పొట్టపోసుకొన్న బర్మాలో. అక్కడ సైన్యమూ పాతుతున్నది, తిరుగుబాటువారూ పాతుతున్నారు, ఇరువురికీ ఎవరి కారణం వారికున్నది. అయిదు దేశాలు పోయినా 160కి పైగా దేశాలు ఆ కాగితంలోనే ఉన్నవి. మన దేశం చేరవలెననే నా అభిప్రాయం. సరిహద్దులో రాత్రి కాపలా కాయనివాడు ఈ మాట చెప్పడం సులభమని నాకు తెలుసు, అందుకే గట్టిగా చెప్పడానికి నోరు రాదు. మెల్లగా చెబుతున్నాను.

బావ విన్నాడు, జవాబు చెప్పలేదు. జైపూరు కాలు విప్పి, గట్టు మీద నీళ్లతో బురద కడుక్కొంటున్నాడు. గుమాస్తా బుద్ధి ఊరుకొనదు గదా, "బావా, మీ బృందం పాతినవెన్ని, ఏరినవెన్ని, లెక్క కుదిరినదా?" అని అడిగినాను.

కొంతసేపు కాలు కడిగినాడు. "నా కాలికింద పేలినదాన్ని కలుపుకొంటే, ఇంకా రెండు తక్కువ" అన్నాడు.